మోటార్‌హోమ్ ముందద్దం సన్‌షేడ్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వెండి సన్‌షేడ్ గారి దివ్య సముఖమునకు,

అరిజోనా రాష్ట్రం, చాండ్లర్ నుంచి మీ యజమాని నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా ఉడుకుతున్నాం. తమరు మాకు నాలుగడుగుల దూరంలో, ముందద్దానికి ఆనుకుని, తళతళా మెరుస్తూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ముందు మా ఎండ సంగతి మనవి చేసుకోవాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు అనేవారు. ఈ ఊరికి వచ్చిన రోహిణి తిరిగి వెళ్లడం మర్చిపోతుంది. 2023లో మా పక్కనే ఉన్న ఫీనిక్స్ నగరంలో వరసగా 31 రోజులు పగటి ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గలేదు. మన లెక్కలో 43 పైమాటే. ఇలాంటి చోట కాపురం ఉంటూ, చక్రాల మీద ఇంకో ఇల్లు కొనుక్కుని, ఆ ఇంటికి ముందు గోడ ఉండాల్సిన చోట అద్దం పెట్టించుకున్న తెలివైన వాళ్లం మేము.

దీన్ని క్లాస్ ఏ మోటార్‌హోమ్ అంటారు. చూడ్డానికి బస్సు, లోపల టూ బీహెచ్‌కేలో ఒక బీహెచ్‌కే తక్కువ. ముందద్దం ఈ చివర నుంచి ఆ చివరకు, సుమారు ముప్పై చదరపు అడుగులు. కొనేటప్పుడు సేల్స్‌మన్ మమ్మల్ని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, "మాన్యుమెంట్ వ్యాలీ మొత్తం మీ ఒళ్లోకి వచ్చి కూర్చుంటుంది" అన్నాడు. వచ్చింది, కాదనను. వెంట సూర్యుణ్ణి కూడా తీసుకొచ్చింది. ఆ వ్యూ కోసం వేల డాలర్లు పోశాం. ఇప్పుడు ఆ వ్యూను మూసిపెట్టడానికి మళ్లీ డబ్బు పెట్టి తమర్ని తెచ్చుకున్నాం. ఇదే బండి పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు కూడా ఉన్నాయి. అంటే పైన నిలబడి "రావయ్యా సూర్యనారాయణా" అని పిలుస్తున్నాం, ముందు గుమ్మంలో "ఇంట్లో ఎవరూ లేరు" అని బోర్డు పెడుతున్నాం. ఆయనకు ఎలా అర్థం కావాలి?

తమరి ఉద్యోగం ఎంత గొప్పదో తెలియాలంటే అద్దం చేసే పని తెలియాలి. ఎండలో వెలుగూ, దాంతో వచ్చే వేడి కిరణాల్లో చాలా భాగమూ అద్దంలోంచి హాయిగా లోపలికి వచ్చేస్తాయి. వచ్చి నల్లటి డ్యాష్‌బోర్డ్ మీద పడతాయి. డ్యాష్‌బోర్డ్ కాగి, తన వంతుగా వేడిని వెదజల్లుతుంది. ఈ రెండో రకం వేడికి మాత్రం అద్దం దారివ్వదు. కాగిన గాలికీ బయటకు పోయే తోవ లేదు. 2018లో మా పక్క ఊరు టెంపీలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ, శాన్ డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు మామూలు కార్లను ఎండలో గంటసేపు నిలిపి కొలిచారు. సగటున డ్యాష్‌బోర్డ్ 157 డిగ్రీల ఫారెన్‌హీట్, స్టీరింగ్ 127. డ్యాష్‌బోర్డ్ సంగతి సెల్సియస్‌లో చెప్పాలంటే 69. అది కారు. మా అద్దం ముందు కారు అద్దం పసిపిల్ల.

సాయంత్రం నాలుగింటికి బండి ముక్కు పడమరకు తిరిగి ఉంటే, నా కాకిలెక్క ప్రకారం, అంత పెద్ద అద్దంలోంచి లోపలికి వచ్చే వేడి ఇక్కడ చలికాలంలో వాడే 1500 వాట్ల రూమ్ హీటర్‌కు సమానం. పైకప్పు మీద ఏసీ 13,500 బీటీయూలది, అంటే నాలుగు కిలోవాట్ల వేడి తోడేస్తుంది. అందులో మూడో వంతు పైన ఈ ఒక్క అద్దం ఖాతాకే పోతోంది. మిగతా కిటికీలూ, గోడలూ, పైకప్పూ, పొయ్యీ, మనుషులూ ఆ మిగిలినదాంట్లో సర్దుకోవాలి.

సర్దుకోలేక బ్రేకర్ పడిపోతుంది. మాది 30 ఆంపియర్ల కనెక్షన్, 120 వోల్టులు, మొత్తం 3600 వాట్లు. ఏసీ ఆగకుండా తిరుగుతుంటే, పక్కన మైక్రోవేవ్‌లో కూర వేడవుతుంటే, మా ఆవిడ రైస్ కుక్కర్ మీట నొక్కిందనుకోండి, టప్‌మని అన్నీ చచ్చిపోతాయి. అన్నం ఉడకాలంటే ఏసీ ఆగాలి. ఏసీ ఆగితే మేం ఉడుకుతాం.

ఈ పరిస్థితుల్లో తమరు మా ఇంట కాలు పెట్టారు. డబ్బా మీద తమరి ఫొటో పక్కన నీలిరంగు మంచుబిళ్లలు, "40 డిగ్రీల వరకు వేడి తగ్గింపు" అని పెద్ద అక్షరాలు. ఎక్కడ కొలిచారో, ఎప్పుడు కొలిచారో రాయరు. తమరి పక్కన నిలబడి నేను కనిపెట్టిందేమిటంటే, ఆ అంకె డ్యాష్‌బోర్డ్‌ది. ఆ విషయంలో తమరి గొప్ప ఒప్పుకోవాల్సిందే. తమరు ఉంటే స్టీరింగ్ పట్టుకోవచ్చు, డ్యాష్‌బోర్డ్ పగుళ్లివ్వదు, సీటు మీద కూర్చుంటే తొడలు కాలవు. కాని డ్యాష్‌బోర్డ్‌కు ఊపిరి పీల్చుకునే అవసరం లేదు. మాకుంది. లోపలి గాలి సంగతి అడిగితే తమరు అద్దం వైపు తిరిగి నిలబడతారు.

పాపం, అది తమరి స్వభావంలోనే ఉంది. తమరు నిలబడింది అద్దానికి లోపల. వెలుగు అద్దం దాటి ఇంట్లోకి వచ్చేశాక తమరు "వెనక్కి పో" అంటారు. కొంత పోతుంది. కొంత అద్దంలోనే ఇంకి అద్దం కాగుతుంది. కొంత తమరి ముడతల్లోనూ, మా దుమ్ములోనూ చిక్కుకుని తమరే కాగుతారు. అద్దానికీ తమరికీ మధ్య ఇరుక్కున్న గాలి పెనంలా కాలి, పై అంచు నుంచి మెల్లగా మా హాల్లోకి దిగుతుంది. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరగడమంటే ఇదే.

వేసవిలో మా అత్తగారు విజయవాడ నుంచి వచ్చినప్పుడు తమరి పనితనానికి పరీక్ష జరిగింది. తమరు ఠీవిగా నిలబడి ఉండగానే, తమరి వెనకే డ్యాష్‌బోర్డ్ మీద ఆవిడ ప్లాస్టిక్ పేపరు పరిచి గుమ్మడి వడియాలు పెట్టింది. సాయంత్రానికి పేపరు నుంచి వాటంతట అవే ఊడి వచ్చాయి. ఆవిడ సంతోషానికి అంతులేదు. అరిజోనా పొడిగాలికీ అందులో వాటా ఉందని నేను తమరి తరఫున వాదించాను. "ఎండను లోపల ఆపేదేంటయ్యా, చలువ పందిరి ఎవరన్నా హాల్లో వేస్తారా?" అంది. వట్టివేళ్ల తడికలు గుమ్మం బయట కట్టి నీళ్లు చల్లిన ఇంట్లో పుట్టిన మనిషి. నాకు జవాబు దొరకలేదు.

తమరి వంశం చిన్నదేం కాదు. ఇజ్రాయెల్‌లో పుట్టి, 1980లలో కాలిఫోర్నియా చేరి, కారు అద్దం వెనక మడతల అట్టముక్కగా ఒక వెలుగు వెలిగిన వంశం. నల్లకళ్లద్దాల బొమ్మలేసుకుని పార్కింగ్ స్థలాలన్నీ ఏలారు తమరి పూర్వీకులు. వాళ్లు కాపాడింది ఆఫీసు బయట ఖాళీగా నిలబెట్టిన కారును. ఆ కారులో ఎవరూ అన్నం వండుకోలేదు, మధ్యాహ్నం కునుకు తీయలేదు. అదే చదువుతో తమరు మా ఇంటికి పెద్ద ఉద్యోగానికి వచ్చారు.

పైగా "యూనివర్సల్ ఫిట్" అని సర్టిఫికెట్ ఒకటి. విశ్వంలోని అన్ని అద్దాలకూ సరిపోతారట, మా అద్దానికి తప్ప. వెనక చూసే అద్దం కోసం నడిమధ్య తమరికో చీలిక ఉంది. దానికీ మా బండికీ బెత్తెడు తేడా. ఆ బెత్తెడులోంచి ఒక ఎండచార లోపలికి వచ్చి, సోఫా మీద మొదలై, సాయంత్రం అయ్యేసరికి నేలంతా పాకుతుంది. అది ఎటు జరిగితే మా ఇంటిల్లిపాదీ కాళ్లు అటు కాకుండా జరుపుకుంటూ కూర్చుంటాం.

ఇక తమరిని మడతపెట్టే ఘట్టం. అంచుల్లో స్ప్రింగ్ తీగ. రెండు చేతులతో రెండు పక్కలా పట్టుకుని, ఒక చెయ్యి పైకీ ఒక చెయ్యి కిందకీ తిప్పితే తమరు మూడు చుట్లుగా ముడుచుకుని పళ్లెమంత అవుతారని బొమ్మ వేసి చూపించారు. మా ఆవిడ చేతిలో నిజంగానే అవుతారు, రెండు క్షణాల్లో, గుడ్డలు మడిచినంత తేలిగ్గా. నా చేతిలో మాత్రం ముందు ఎనిమిది అంకె అవుతారు, తర్వాత చాట అవుతారు, చివర్లో పళ్లెం అయినట్టే అయి, కళ్లజోడు మీద ఒక్కటిచ్చి మళ్లీ ముందద్దమంత అవుతారు. వెనక బండివాడు చెట్టు కింద కుర్చీ వేసుకుని చూస్తుంటాడు. సాయం చెయ్యడు, టికెట్ లేకుండా దొరికిన వినోదం కదా. తమరు వచ్చిన సంచీ సంగతి ఎత్తను. అది నెలనెలా చిక్కిపోతోంది.

తమరి స్థానానికి ఇంకెవరున్నారని తమరు ధీమాగా ఉన్నారేమో. ఉన్నారు. మీట నొక్కితే దిగే నల్లతెర ఒకరు. దర్జా అయిన మనిషి, కాని ఆయనా లోపలి బాపతే, పైగా నలుపు. ముందు సీట్ల వెనక దళసరి పరదా ఇంకొకరు. వ్యాన్ మూతి ఉండే క్లాస్ సీ బండ్లలో ఆయన నిజంగా పనిమంతుడు, డ్రైవర్ గదిని దాని ఖర్మకు వదిలేసి వెనక ఇంటిని కాపాడతాడు. మా బండిలో ముందు సీట్లే తిరిగి హాలు కుర్చీలవుతాయి కాబట్టి, పరదా వేస్తే హాలు సగం సూర్యుడికి రాసిచ్చినట్టే.

అసలు పోటీ బయటి వలగారితో. వినైల్ పూత పూసిన పాలిస్టర్ దారంతో అల్లిన సన్నటి జల్లెడ. అలబామాలోని ఫైఫర్ కంపెనీ నేసే సన్‌టెక్స్ రకాల్లో 80, 90 అని ఉంటాయి, అంటే ఎండలో అంత శాతం దాకా ఆపేవి. ఆవిడ అద్దం బయట నిలబడుతుంది. ఎండ అద్దం దాకా రాకముందే సంగతి తేలిపోతుంది. తాను కాగినా ఆ వేడిని గాలి పట్టుకుపోతుంది. లోపల కూర్చుంటే పగలు బయటి కొండలు కనిపిస్తూనే ఉంటాయి, ముఖ్యంగా నల్లరంగు వలలోంచి. వైపర్ల రబ్బరు కూడా ఆవిడ నీడనే బతుకుతుంది. ధర మాత్రం తమరికి ఎన్నో రెట్లు.

ఆవిడా దేవత కాదు, గొంతెమ్మ కోరికలున్నాయి. పై అంచు అందాలంటే నిచ్చెన వెయ్యాలి. మేమేమో నిచ్చెన మీద, నెత్తి మీద 110 డిగ్రీలు. ఇల్లు చల్లబడేలోపు ఇంటాయన పెనం మీద అట్టు అవుతాడు. అయస్కాంతాలతో అతుక్కుంటుందని కొందరు సంబరపడతారు. మా బండి ముఖం ఫైబర్‌గ్లాస్, దానికి అయస్కాంతమూ ఒకటే, అప్పడమూ ఒకటే. కాబట్టి కొత్త బండికి డ్రిల్లుతో కన్నాలు పెట్టి బొత్తాలు బిగించాలి. నేను డ్రిల్లు పట్టుకుంటే మా ఆవిడ కళ్లు మూసుకుంది. పెద్దగాలి వీస్తే వల రాత్రంతా టపటపా కొట్టుకుంటుంది. దుమ్ముతో ఉన్న అద్దం మీద అలాగే తగిలిస్తే గీతలు పడతాయి. తడిగా చుట్టి పెడితే బూజు. అన్నిటికీ మించి రాత్రి లైటు వేస్తే కథ తిరగబడుతుంది. లోపలున్న మేం బయటి లోకానికి కనిపిస్తాం. పేజ్ అనే ఊళ్లో, ఇలాంటి బండ్లు ఆపుకునే క్యాంపులో, ఒక రాత్రి గళ్ల లుంగీలో పెరుగన్నం కలుపుకుంటున్నాను. పొద్దున్నే ఎదురుసైటు పెద్దాయన చెయ్యూపి, "నీ స్కర్ట్ చాలా బాగుంది" అన్నాడు.

ఇవన్నీ క్షుణ్ణంగా పరిశీలించిన మీదట, పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా ఈ కింది ఉత్తర్వులు జారీ చేయడమైనది.

శ్రీ వెండి సన్‌షేడ్ గారిని ముందద్దం పగటి విధుల నుంచి తక్షణం రిలీవ్ చేయడమైనది. సదరు బాధ్యతలు బయటి వలగారికి అప్పగించడమైనది. నిచ్చెన మోసే పని యజమానికి, డ్రిల్లు పని బయటి మెకానిక్‌కు కేటాయించడమైనది. శ్రీ సన్‌షేడ్ గారు ఇకపై సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా రాత్రి డ్యూటీ చేయవలెను, లుంగీ గౌరవ పరిరక్షణ నిమిత్తం. చలికాలంలో ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్లినప్పుడు, అక్కడ ఏడువేల అడుగుల ఎత్తున రాత్రుళ్లు గడ్డకట్టేంత చలి కాబట్టి, లోపలి వేడి అద్దంలోంచి జారిపోకుండా అదనపు బాధ్యతలు నిర్వహించవలెను. తమరికి రెండు వైపులా వెండే కనుక ఆ పనికి తమరిని మించినవారు లేరని యాజమాన్యం మనస్ఫూర్తిగా నమ్ముతోంది. టీఏ, డీఏలు వర్తించవు.

మధ్యాహ్నం కిరాణా కొట్టు ముందు అరగంట బండి ఆపినప్పుడు మాత్రం వలకోసం నిచ్చెన ఎక్కే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి, ఆ అరగంటకు తమరినే పిలుస్తాం. స్టీరింగ్‌ను కాపాడండి చాలు, గాలి జోలికి పోకండి.

ఇట్లు,
తమరి యజమాని

తాజా కలం: మా అత్తగారు వచ్చే వేసవికి మళ్లీ వస్తున్నారు. ఈసారి సగ్గుబియ్యం వడియాలట. వల కట్టాక డ్యాష్‌బోర్డ్ అంత కాలదని చెబితే, "మరి ఆ రెండు రోజులూ దాన్ని విప్పెయ్యండి" అన్నారు. సదరు రోజులకు వలగారికి సెలవు మంజూరైంది.