సెమీకండక్టర్ టిప్పు గారికి విన్నపం

కంప్యూటర్లలో, ఫోన్లలో ఉండే చిప్పుల కంపెనీల షేర్లు కొనమంటూ ఫోన్లో సలహాగా వేంచేసే మహారాజశ్రీ సెమీకండక్టర్ షేరు టిప్పు గారి సముఖానికి, కర్నూలు వాస్తవ్యుడైన ఒక చిన్న మదుపరి చేసుకునే విన్నపం. ఉభయకుశలోపరి.

తమరు ఈ ఊరికి వేంచేసినప్పటి నుంచి రాజ్‌విహార్ సెంటర్ టీ కొట్ల దగ్గర ఉల్లి ధర మాట్లాడేవారు తగ్గి, చిప్పుల కొలతలైన నానోమీటర్లు మాట్లాడేవారు పెరిగారు. మా వీధి బట్టల కొట్టు యజమాని ఒక చేత్తో జాకెట్టు గుడ్డ కొలుస్తూనే రెండో చేత్తో గల్లాపెట్టె పక్కనున్న ఫోన్లో ధర చూసుకుంటాడు. ధర పడి అంకె ఎర్రబడిన రోజున గుడ్డ నాలుగు వేళ్లు తక్కువ తెగుతుందని ఆడవాళ్లు ఇప్పటికే కనిపెట్టేశారు. కొన్నది పదేళ్ల కోసమేనని ఆయన ఒట్టు వేసి చెబుతాడు. ఆదాయపు పన్ను లెక్కలో పన్నెండు నెలలు దాటిన షేరు దీర్ఘకాలానిదే; తమరి శిష్యుల లెక్కలో మధ్యాహ్నం భోజనం దాటితే చాలు.

తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలలో వజ్రాల కోసం తిరిగే జనాన్ని చూసి మా పట్టణవాసులు నవ్వుతారు. ఆ వెతికేవాడు దొరికిన రాయిని కనీసం వెలుతురుకు పట్టి చూస్తాడు. తమరు చేతిలో పెట్టిన రాయిని మేము చూడకుండానే మూటగట్టుకుంటున్నాము.

చిప్పులకు గిరాకీ పెరుగుతుందని తమరు సెలవిస్తారు, అది నిజమే. గిరాకీ కనబడగానే కంపెనీలన్నీ ఒకేసారి కొత్త ఫ్యాక్టరీలకు శంకుస్థాపన చేస్తాయనీ, అవి పూర్తయ్యేసరికి రెండు మూడేళ్లు గడిచి, సరుకు గుట్టలు పడి, ముఖ్యంగా మెమరీ చిప్పుల ధర కుప్పకూలుతుందనీ మాత్రం సెలవివ్వరు. అమెరికా మార్కెట్లో చిప్పుల కంపెనీల షేర్ల ఎగుడుదిగుళ్లను చూపే ఫిలడెల్ఫియా సెమీకండక్టర్ సూచీ 2000 మార్చిలో శిఖరమెక్కి, 2002 అక్టోబరు నాటికి ఎనభై శాతానికి పైగా పడిపోయింది. ఆ 2000లోనే ఇంటెల్ షేరు ఎక్కిన ఎత్తును తర్వాతి ఇరవై ఏళ్లలో మళ్లీ అందుకోలేదు. ఆ ఇరవై ఏళ్లూ ప్రపంచంలోని కంప్యూటర్లలో ఎక్కువ భాగం ఆ కంపెనీ చిప్పులతోనే నడిచాయి సుమా! కంపెనీ గొప్పదే, కొన్న ధరే కొంప ముంచింది. మరో చిప్పుల కంపెనీ ఎన్విడియా షేరును ఏళ్ల తరబడి ఉంచుకుని కోటీశ్వరులైనవారి కథ తమరు రోజూ వినిపిస్తారు గాని, 2021 నవంబరు నుంచి 2022 అక్టోబరు లోపల అదే షేరు మూడింట రెండొంతుల దాకా కరిగిపోయిన అధ్యాయాన్ని ఎందుకో మింగేస్తారు. ఆ ఏడాది అమ్ముకోకుండా కూర్చున్నవాడికే కదా ఆ కథ దక్కింది!

మరొక మనవి. చిప్పుల ఫ్యాక్టరీకి వైర్లు అమ్మే కంపెనీని కూడా తమరు సెమీకండక్టర్ కంపెనీ అనే పిలుస్తున్నారు. ఆ లెక్కన ఆ ఫ్యాక్టరీ గచ్చుకు బండలు తోలితే మా బేతంచెర్ల పాలిష్ మిల్లులన్నీ హైటెక్ షేర్లే అవుతాయి.

కనుక ఈసారి దయచేసేటప్పుడు ఒక కాగితం వెంట తీసుకురాగలరు. ఆ కంపెనీ చిప్పును తానే తయారుచేస్తుందా, డిజైన్ గీసి ఇతరులకు అప్పగిస్తుందా? గోదాములో అమ్ముడుపోని సరుకు ఎన్ని నెలలకు సరిపడా ఉంది? కొత్త ఫ్యాక్టరీ సొంత లాభంతో కడుతోందా, అప్పుతోనా? కొనేవాళ్లు ఇద్దరే అయితే, వారిలో ఒకరు మొహం చాటేస్తే మిగిలేదెంత? ఉదాహరణకు, 1987లో మొదలైన తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీ సొంత చిప్పులు అమ్మకుండా ఇతరుల చిప్పులు చేసిపెట్టడమే వృత్తిగా పెట్టుకుంది. చిప్పుల మీద అతి సన్నని గీతలను కాంతితో అచ్చువేసే ఈయూవీ లిథోగ్రఫీ యంత్రాన్ని అమ్ముతున్నది నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ ఒక్కటే, దానికి పోటీయే లేదు. తమరు మోసుకొచ్చే కంపెనీని పక్కకు నెట్టడం పోటీదారులకు ఎంత కష్టమో కూడా ఆ కాగితంలో ఒక మూల రాయించండి. కాగితం బరువైతే షేరు ఎంతకు ఎక్కుతుందో చెప్పే ఆ టార్గెట్ ధరను వదిలేసి రండి, ఫరవాలేదు.

కొనమని చెప్పడానికి రోజుకు నాలుగుసార్లు వచ్చే తమరు, అమ్మమని చెప్పడానికి ఇంతవరకు మా ఊరి పొలిమేర తొక్కలేదు. అందుకూ ఒకసారి దయచేయండి. అది కుదరని పక్షంలో, ధర నేలకరిచి, టీవీలో ఎవరూ ఆ కంపెనీ పేరెత్తని రోజున ఒకసారి రండి. ఆ రోజు టీ డబ్బులు నేనే ఇస్తాను.

ఇట్లు,
తమరి ఫార్వర్డు మెసేజీలను రోజూ శిరసావహించే విధేయుడు,
కర్నూలు.