సోషల్ టీచర్ అభిప్రాయానికి తరగతిలో చోటెంత?

"సార్, మీరు ఎవరి పక్షం?" లెక్కల టీచరును ఈ మాట ఎవరూ అడగరు. సోషల్ టీచరును మాత్రం ఏడాదికి ఒక్కసారైనా అడుగుతారు. ఎన్నికల పాఠమో, విప్లవాల పాఠమో నడుస్తుంటే వెనక బెంచీ నుంచి వస్తుందీ ప్రశ్న. కొందరు "సిలబస్‌లో లేదు, కూర్చో" అంటారు. ఇంకొందరు బెల్లు కొట్టేదాకా తమ అభిప్రాయమే చెబుతారు. మొదటిది పిరికితనం. రెండోది అంతకంటే ప్రమాదం.

ఎంత ప్రమాదమో 1967లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఒక హైస్కూలు చూసింది. హిట్లర్ కాలంలో మామూలు జనం ఎలా ఊరుకున్నారని పిల్లలు అడిగితే, చరిత్ర టీచర్ రాన్ జోన్స్ చేసి చూపిద్దామనుకున్నాడు. నిటారుగా కూర్చోవడం, లేచి నిలబడి జవాబు చెప్పడం, ఒక నినాదం, ఒక సెల్యూట్. అంతే. వారం తిరక్కుండానే పక్క తరగతుల పిల్లలూ వచ్చి చేరారు, ఒకరి మీద ఒకరు చాడీలు మోశారు. చివరికి ఆయనే ఆపేశాడు. ఈ కథ మనకు ఎక్కువగా జోన్స్ రాతల్లోంచే తెలుసు కాబట్టి కాస్త రంగు పూసి ఉంటాడనుకున్నా, నన్ను కలవరపెట్టేది ఒకటుంది. ఆ పిల్లలేమీ చెడ్డవాళ్లు కాదు. వాళ్లకు ఆ సారంటే ఇష్టం. ఇష్టమైన సార్ మాటను పిల్లలు తూకం వెయ్యరు, మింగేస్తారు. అందుకే పిల్లలు మెచ్చే టీచరుకే జాగ్రత్త ఎక్కువ కావాలంటాను.

జర్మనీ ఈ విషయం మీద గట్టిగానే ఆలోచించింది. 1976లో బాయ్‌టెల్స్‌బాఖ్ అనే చిన్న ఊళ్లో, ఒకరి రాజకీయాలు ఒకరికి పడని పౌరశాస్త్ర నిపుణులు కలిసి మాట్లాడుకున్నారు. టీచరు తన అభిప్రాయాన్ని పిల్లల మీద రుద్దకూడదు. బయట వివాదం ఉన్న విషయాన్ని తరగతిలోనూ వివాదంగానే చూపాలి. తన పరిస్థితిని, తన ప్రయోజనాన్ని విద్యార్థి తనే బేరీజు వేసుకునేలా తయారుచేయాలి. ఆ చర్చల సారం ఇదీ. ఇందులో రెండో మాటను చాలామంది తప్పుగా పట్టుకుంటారు. అన్నిటికీ రెండు వైపులు ఉండవు. ఒక మారణహోమం జరిగిందా లేదా అన్నది చర్చకు పెట్టే విషయమే కాదు. అది ఎందుకు జరిగింది, ఎవరు ఆపగలిగి ఉండేవారు అన్న దగ్గర చర్చ మొదలవుతుంది.

రుద్దకుండా నేర్పడం ఎలా? నాకు ఇష్టమైన దారి గోడ మీది ప్రపంచ పటం. 1569లో పటాల తయారీదారు మెర్కేటర్ చూపిన పద్ధతిలో గీసిన పటంలో గ్రీన్‌లాండ్ ఇంచుమించు ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. పక్కన గ్లోబు పెడితే పిల్లలే పట్టేస్తారు. "అయితే పటం అబద్ధమా సార్?" అంటారు. కాదు. దిక్సూచి పట్టుకుని ఓడ నడిపేవాడికి దారి సరళరేఖలా కనబడాలని అలా గీశారు, దానికోసం సైజులు వదులుకున్నారు. "ఇది ఎవరి అవసరం కోసం గీశారు?" అని అడగడం ఒకసారి అలవాటైతే, పిల్లలు దాన్ని పేపర్లో వార్తకీ, ఫోన్లో వచ్చిన ఫార్వర్డ్‌కీ, ఆఖరికి పాఠ్యపుస్తకానికీ వాడతారు. మనకీ వాడతారు, అందుకు సిద్ధపడే ఉండాలి.

ప్రశ్న అడిగాక ఆగడం కూడా నేర్చుకోవాల్సిన పనే. టీచర్లు జవాబు కోసం సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతున్నాయని, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లూ మాట్లాడుతున్నారని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో చూపించింది. సిలబస్ టెన్షన్‌లో ఆ మూడు సెకన్లూ మూడు నిమిషాల్లా అనిపిస్తాయి, నిజమే.

ఇక పిల్లలకు దారి చూపించడం. ఇక్కడా అదే ఇబ్బంది, కాకపోతే ఈసారి అభిప్రాయం పిల్లవాడి మీదే. 1968లో అమెరికాలో మనస్తత్వవేత్త రోసెంతాల్, స్కూలు ప్రిన్సిపాల్ జేకబ్సన్ ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. లాటరీలా తీసిన కొన్ని పేర్లు ఇచ్చి, వీళ్లు బాగా ఎదుగుతారని టీచర్లకు చెప్పారు. ఒకటి, రెండు తరగతుల్లో నిజంగానే ఆ పిల్లల స్కోర్లు ఎక్కువ పెరిగాయి. పై తరగతుల్లో అంత తేడా రాలేదు, ఆ లెక్కల మీద తర్వాత పెద్ద గొడవే నడిచింది. అయినా "నీకు ఇది రాదులే" అని సార్ అన్న ఒక్క మాటను పదేళ్లు మోసేవాళ్లున్నారని తెలియడానికి ప్రయోగం అక్కర్లేదు. ఏ కోర్సు తీసుకోవాలని పిల్లలు అడిగితే నేను పేరు చెప్పను. ఆ చదువు చదివినవాళ్లు రోజంతా ఏం పని చేస్తారో కనుక్కుని రమ్మంటాను.

మరి "మీరు ఎవరి పక్షం" అంటే? చెబుతాను. కాకపోతే పిల్లలు రెండు వైపుల వాదనలూ రాసి ఇచ్చాక, నాకు ఎదురుగా ఉన్న వాదనల్లో బలమైనది ఏదో ముందు చెప్పి, ఆ తర్వాత చెబుతాను. అప్పుడు కూడా సగంమంది ఒప్పుకోరు. మొదట్లో చిన్నబోయేవాణ్ని. ఇప్పుడు అందరూ ఒకేసారి తలూపితేనే టెన్షన్.