అణాల లెక్క మరిచి హెక్సాతో కుస్తీ

మా అక్క కొడుకు డిప్లొమా మొదటి ఏడాది. మొన్న ఆదివారం హెక్సాడెసిమల్ కూడికల దగ్గర మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. అది పదికి బదులు పదహారుతో నడిచే లెక్క; 10 నుంచి 15 దాకా ఎ నుంచి ఎఫ్ అక్షరాలు రాస్తారు. 2ఎఫ్‌కి 19 కలపాలి. ఎఫ్ అంటే 15, దానికి 9 కలిపితే 24. వేలికి అలవాటైన పద్ధతిలో 4 వేసి 2 పైకి పంపాడు. 54 వచ్చింది. తప్పు.

రెండోసారి "సార్ చెప్పిన పద్ధతి" పట్టుకున్నాడు. 2ఎఫ్‌ని మామూలు పదుల లెక్కలోకి మార్చి 47 చేశాడు, 19ని 25 చేశాడు, కలిపితే 72. మళ్లీ 16తో భాగిస్తే 4, శేషం 8. జవాబు 48. ఒప్పే. కానీ ఒక్క కూడికకి అరపేజీ!

పక్క గదిలో మా అమ్మ ఉంది, ఎనభై దాటాయి. ఊరికే అడిగాను: "రెండు రూపాయల పదిహేనణాలు, రూపాయి తొమ్మిదణాలు, మొత్తం ఎంతమ్మా?" "నాలుగు రూపాయల ఎనిమిదణాలు. ఏం, దేనికి?" అంది. వాడు నోరు తెరిచాడు.

అంతే కదా. కుడి అంకె అణాలు, ఎడమది రూపాయలు. పదహారు నిండితే ఒక రూపాయి పైకి పోతుంది. తీసివేతలోనూ అంతే: 32లోంచి 5 పోవాలంటే అరువు తెచ్చేది పది కాదు, పదహారు. పద్దెనిమిదిలో అయిదు పోతే పదమూడు, అంటే డి. జవాబు 2డి. పిల్లలు తప్పేది ఎక్కువగా ఈ అరువు దగ్గరే.

1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చేదాకా దేశమంతా ఈ లెక్కే చేసింది. పదహారో వంతుకి మనకు వీసం అని పేరే ఉంది. ఇప్పటికీ పదహారణాల తెలుగుదనం అంటాం, వీసమెత్తు అనుమానం లేదంటాం. తరగతి గదిలోకి రాగానే మాత్రం అదేదో కొత్త విద్యలా టేబుల్ బట్టీ పట్టిస్తారు. నా కోపం దాని మీదే.

డెసిమల్‌లోకి, అంటే పదుల లెక్కలోకి, మార్చడం వద్దనను. అంకెలు పెరిగితే అణాలు, రూపాయలు చాలవు, నిజమే. కానీ దానికీ 16 ఘాతాలన్నీ వరసగా రాసుకోనక్కర్లేదు. ఎడమ నుంచి మొదలెట్టి, చేతిలో ఉన్నదాన్ని 16తో గుణించి పక్క అంకె కలుపుకుంటూ పోవడమే. యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ కోసం ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే పట్టికలో, మన 'అ' అక్షరం సంఖ్య 0సి05. సి అంటే 12. పదహారు పన్నెండ్లు 192, పక్కనున్నది సున్నా కాబట్టి అంతే. మళ్లీ 16తో గుణిస్తే 3072, అయిదు కలిపితే 3077. 'క' 0సి15, కాబట్టి ఇంకో పదహారు కలిపి 3093. మొదటి నుంచి లెక్కించక్కర్లేదు కూడా.

మావాడికి పది నిమిషాల్లో చేయి తిరిగింది. పేజీ అంతా అణాల్లోనే కూడేశాడు. తర్వాత పుస్తకం మూస్తూ, "పరీక్షలో మాత్రం పాత పద్ధతే రాస్తా మామయ్యా, స్టెప్పులకి మార్కులు" అన్నాడు.