చేత్తో వెలిగించిన అరోరా

2019 ఏప్రిల్ 5 రాత్రి ఉత్తర నార్వేలో అరోరా కోసం, అంటే ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు కోసం, తలెత్తి చూసినవారు తెల్లబోయారు. అలవాటైన ఆకుపచ్చ తెరల పక్కన ఎన్నడూ చూడని రంగుల మేఘాలు బొట్టు బొట్టుగా పుట్టి, ఉబ్బి, గాలి లాగిన వైపు సాగిపోయాయి. అక్కడి ఆండోయా రాకెట్ కేంద్రం నుంచి నాసా ప్రయోగించిన రెండు సౌండింగ్ రాకెట్లు (పై వాతావరణాన్ని కొలిచి, కక్ష్యలోకి వెళ్లకుండా తిరిగి కిందపడే చిన్న రాకెట్లు) వదిలిన రసాయనాల ఆవిరి అది. ప్రయోగం పేరు అజ్యూర్. ఇలాంటివాటికి వార్తల్లో ‘కృత్రిమ అరోరా’ అని పేరు పెట్టడం మామూలే. చూపరికి ఆ పేరు నప్పుతుందేమో గాని, అసలు కృత్రిమ అరోరా వేరు. దాని కథ దీనికన్నా ఎంతో ఆసక్తికరం.

ముందుగా ఈ ఆవిరి సంగతి. నేల నుంచి సుమారు 80 కిలోమీటర్ల పైన మొదలయ్యే పొరలను చేరుకోవడం ఒక పెద్ద చిక్కు. పరిశోధన బెలూన్లు 40 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. ఉపగ్రహాన్ని 150 కిలోమీటర్ల ఎత్తుకు దించితే గాలి రాపిడికి రోజులు కూడా నిలవదు. మధ్యలో మిగిలిన ప్రాంతంలోకి వెళ్లి నేరుగా కొలిచి రాగలిగేది రాకెట్ ఒక్కటే. అదీ కొన్ని నిమిషాలే. అక్కడి గాలి కంటికి కనిపించదు కాబట్టి దానికి రంగు పూస్తారు. సంధ్యవేళ నేల చీకటిగా ఉన్నా పైన ఇంకా ఎండ ఉంటుంది. ఆ ఎండలో బేరియం, స్ట్రాన్షియం ఆవిర్లు మెరుస్తాయి. బేరియం పరమాణువులు కొద్ది సేపట్లోనే సూర్యకాంతికి ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుని అయాన్లవుతాయి. ఆ క్షణం నుంచి అవి గాలి మాట వినవు, భూ అయస్కాంత బలరేఖల వెంట సాగుతాయి. స్ట్రాన్షియం మాత్రం తొందరగా అయాన్ కాదు, గాలితోనే పోతుంది. ఒకే చోట పుట్టిన రెండు మేఘాలు విడిపోతుంటే నేల మీది కెమెరాలు చూస్తాయి. ఒకటి గాలి వేగం చెబుతుంది, రెండోది విద్యుత్ క్షేత్రం చెబుతుంది. ఇంత తక్కువ సామగ్రితో ఇంత తేటగా జవాబిచ్చే ప్రయోగాలు నాకు తెలిసి చాలా కొద్ది.

కానీ ఇది మెరిసే ఆవిరి మాత్రమే. అరోరా పుట్టే పద్ధతి వేరు. పైనుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు ఆక్సిజన్, నైట్రోజన్‌లను ఢీకొడితే ఆ దెబ్బకు అవి వెలుగుతాయి. 100 కిలోమీటర్ల పైన కనిపించే ఆకుపచ్చ, 200 దాటాక కనిపించే ఎరుపు, రెండూ ఆక్సిజన్‌వే. మరి ఆ ఎలక్ట్రాన్లను మనమే పంపితే?

1969 జనవరి 26న అమెరికాలోని వాలప్స్ దీవి నుంచి భౌతిక శాస్త్రవేత్త విల్మాట్ హెస్ బృందం ఏరోబీ 350 రాకెట్‌లో ఎలక్ట్రాన్ గన్‌ను పంపింది. పాత టీవీల పిక్చర్ ట్యూబులో తెర మీద బొమ్మ గీసినది కూడా ఎలక్ట్రాన్ గన్నే. ఇక్కడ తెర వాతావరణం. రాకెట్ కిందికి చిమ్మిన ఎలక్ట్రాన్లు 100 కిలోమీటర్ల ప్రాంతంలో గాలిని తాకి వెలిగించాయి. ఆ వెలుగు ఎంత మసకంటే, దాన్ని పట్టడానికి మందకాంతిలో పనిచేసే టీవీ కెమెరాలు కావలసివచ్చాయి. ఊరి జనం తలెత్తినా ఏమీ కనిపించి ఉండదు.

ఆ మసక చుక్కే నాకు అజ్యూర్ రంగుల కన్నా విలువైనదిగా తోస్తుంది. సహజ అరోరాలో వెలుగు కనిపిస్తుంది గాని, దాన్ని పుట్టించిన ఎలక్ట్రాన్లు ఎన్ని, ఏ శక్తితో వచ్చాయన్నది వెనక్కి లెక్కకట్టుకోవాలి. గన్‌తో చేసినప్పుడు ఎంత పంపామో ముందే తెలుసు. వచ్చిన వెలుగును దాని పక్కన పెట్టి చూడవచ్చు. మరుసటి ఏడు మిన్నెసోటా విశ్వవిద్యాలయం ఎకో ప్రయోగంలో ఎలక్ట్రాన్లను పైకి వదిలింది. అవి బలరేఖ వెంట దక్షిణార్ధగోళానికి వెళ్లి తిరిగివచ్చిన జాడలు రాకెట్ మీది పరికరాలకు దొరికాయి. భూమి చుట్టూ పరుచుకున్న అయస్కాంత దారిని అలా సూటిగా తడిమి చూశారు.

హెస్ గురించి ఇంకో మాట. 1962 జులై 9న అమెరికా పసిఫిక్‌లోని జాన్‌స్టన్ దీవి నుంచి రాకెట్‌తో 1.4 మెగాటన్నుల అణుబాంబును పంపి 400 కిలోమీటర్ల ఎత్తులో పేల్చింది. ‘స్టార్‌ఫిష్ ప్రైమ్’ అనే ఆ పరీక్ష హవాయి నుంచి సమోవా దాకా ఆకాశాన్ని వెలిగించింది. హోనొలూలూలో కొన్ని వీధిదీపాలు ఆరిపోయాయి. అంతరిక్షంలో చిక్కుకున్న ఎలక్ట్రాన్లు మర్నాడు కక్ష్యలోకి వెళ్లిన సమాచార ఉపగ్రహం టెల్‌స్టార్‌తో పాటు మరికొన్ని ఉపగ్రహాలను దెబ్బతీశాయి. అలా భూ అయస్కాంత క్షేత్రంలో చిక్కిన కణాలతో ఏర్పడిన ఆ కృత్రిమ రేడియేషన్ పట్టీని లెక్కించిన శాస్త్రవేత్తల్లో హెస్ ముఖ్యుడు. సహజ పట్టీలను వాన్ అలెన్ కనుగొని అప్పటికి నాలుగేళ్లే. వాటిని సరిగ్గా కొలవకముందే కలుషితం చేసిన పనిని ‘ప్రయోగం’ అనడానికి నాకు నోరు రాదు. ఆ గలీజును కొలిచిన మనిషే ఏడేళ్లకు, కెమెరాకు తప్ప కంటికి ఆనని వెలుగుతో తన ప్రశ్న అడిగాడు.

మన దగ్గరికి వస్తే, 1963 నవంబర్ 21న తుంబా నుంచి ఎగిరిన తొలి రాకెట్ మోసుకెళ్లింది సోడియం ఆవిరినే. ఆ సాయంకాలం కేరళ ఆకాశంలో అది నారింజ రంగులో మెరిసింది. అయస్కాంత మధ్యరేఖ తుంబాకు దగ్గరగా పోతుంది, అక్కడ 100 కిలోమీటర్ల పైన పగటివేళ బలమైన విద్యుత్ ప్రవాహం ఉంటుంది. చోటు ఎంపికకు కారణం అదే. శ్రీహరికోట ఖాతా కూడా పెద్ద రాకెట్‌తో మొదలు కాలేదు. 1971 అక్టోబర్‌లో అక్కడి నుంచి తొలిగా లేచింది రోహిణి 125 అనే చిన్న సౌండింగ్ రాకెట్. 2021 మార్చి 12న కూడా పై పొరల్లో గాలులు, ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న వాయువు) కదలికల కోసం ఆర్‌హెచ్ 560 అనే సౌండింగ్ రాకెట్‌ను పంపారు.

ఇది పండితుల సరదా అనుకునేవారికి ఒక్క ఉదాహరణ. 2022 ఫిబ్రవరిలో సూర్యుడి వల్ల భూ అయస్కాంత క్షేత్రంలో రేగే అలజడి, అంటే అయస్కాంత తుపాను, ఓ మోస్తరుగా వస్తేనే పై వాతావరణం ఉబ్బి, అప్పుడే వదిలిన 49 స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాల్లో 40 దాకా కూలిపోయాయి. ఆ ఉబ్బు లెక్క తేల్చడానికి ఇలాంటి కొలతలు పనికొస్తాయి.

పీఎస్‌ఎల్‌వీ ఎగిరే రోజున కళ్లన్నీ శ్రీహరికోట వైపే ఉంటాయి. చిన్న రాకెట్‌కు ఆ భాగ్యం లేదు. ఏదో ఒక సంధ్యవేళ అక్కడి నుంచి ఆవిరి మేఘాన్ని వదిలే పనే పెట్టుకుంటే, ఏ సమయానికి, ఏ దిక్కున, ఏ రంగు కనిపిస్తుందో, అది ఎందుకో, తీరం పొడవునా ఊళ్లకు తెలుగులో వారం ముందే చెప్పాలి. నార్వేలో తెల్లబోయినట్టు మనవాళ్లు తెల్లబోనక్కర్లేదు.