లెక్క చదవనివ్వండి

పరీక్షలు దగ్గరపడ్డాయి. తిరుపతిలో ప్రైమరీ పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ ఆ చార్టు తిరుగుతోంది. రాత లెక్కలో ‘మొత్తం’, ‘కలిపి’, ‘ఎక్కువ’ అన్న మాటలు కనిపిస్తే కూడాలట. ‘మిగిలింది’, ‘తక్కువ’ కనిపిస్తే తీసెయ్యాలట. ‘చొప్పున’ అంటే గుణించడం, ‘పంచితే’ అంటే భాగించడం. లెక్కంతా చదువుతూ కూర్చోవద్దు, ఆ మాట ఎక్కడుందో వెతికితే చాలని కింద ఓ సలహా కూడా ఉంది. బజారులో దొరికే గైడ్లలో ఉన్నదీ ఇదే, ట్యూషన్లలో చెబుతున్నదీ ఇదే. కొన్ని బడుల్లో గోడకే అతికించారు. పిల్లలకు సాయం చేస్తున్నామనే అందరూ అనుకుంటున్నారు. మేం అలా అనుకోవడం లేదు. చదవకుండా జవాబు రాయడం ఎలాగో పెద్దవాళ్లే దగ్గరుండి నేర్పుతున్నారు.

ఈ ఊరి లెక్కతోనే ఆ చార్టును పరీక్షిద్దాం. అలిపిరి నడకదారిలో కొండకు 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారిలో 2,388. శ్రీవారి మెట్టు కంటే అలిపిరి దారిలో ఎన్ని మెట్లు ఎక్కువ? ‘ఎక్కువ’ ఉంది కాబట్టి చార్టు ప్రకారం కూడాలి. వచ్చేది 5,938. అలిపిరి దారిలో ఉన్నవే 3,550 మెట్లయితే, ఎక్కువైనవి 5,938 ఎలా అవుతాయి? అవ్వ చెయ్యి పట్టుకుని ఒక్కసారైనా కొండెక్కిన పిల్లకు ఈ అనుమానం రావాలి. రాదు. ఎందుకంటే ఆ పిల్ల మెట్ల గురించి ఆలోచించడమే లేదు, మాట దొరికింది, అంకెలు దొరికాయి, కూడేసింది. కింద రెండు గీతలు కొట్టి తర్వాతి లెక్కకు పోయింది. 1,162 అని రాయడానికి ఆ పిల్లకు కావలసిన తెలివి ఉంది. దాన్ని వాడే అవసరం లేకుండా మనమే చేశాం.

ఇంకొకటి. అమ్మ ఇచ్చిన డబ్బులో 35 రూపాయలు ఖర్చయ్యాక 15 రూపాయలు మిగిలింది, అమ్మ ఇచ్చింది ఎంత? ‘మిగిలింది’ కనబడగానే చార్టు పిల్లవాడు 35లోంచి 15 తీసి 20 అంటాడు. ఖర్చు పెట్టిందే 35 అయితే అమ్మ ఇచ్చింది 20 ఎలా అవుతుందిరా అని అడిగితే తెల్లమొహం వేస్తాడు. ‘చొప్పున’ సంగతీ అంతే. 36 మందికి మనిషికి 4 పెన్సిళ్ల చొప్పున ఇవ్వాలంటే గుణకారం. 144 పెన్సిళ్లను మనిషికి 4 చొప్పున ఇస్తే ఎంతమందికి వస్తాయంటే భాగాహారం. మాట ఒక్కటే, లెక్కలు రెండు. ఈ తేడా తెలిసేది చదివితేనే.

చదవని లెక్క ఎక్కడికి తీసుకుపోతుందో 1979లోనే ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో తేలింది. ఒక ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, ఓడ కెప్టెన్ వయసెంత అని 97 మంది చిన్న పిల్లలను అడిగారు. 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒకటి చేసి జవాబు చెప్పారు. మన పిల్లలను అడిగితే వేరే ఫలితం వస్తుందని ధైర్యంగా చెప్పగల బడి తిరుపతిలో ఎన్ని ఉంటాయి?

చదవడం రాని పిల్లలకు కనీసం ఈ ఆధారమైనా ఉండాలి కదా, సిలబస్ పూర్తి చేయాలి కదా, ఒక్క టీచరే రెండు మూడు తరగతులు చూసే బడిలో ఇంకేం చేయమంటారు అని ఉపాధ్యాయులు అంటారు. కష్టం నిజమే. కానీ చదవడంలో వెనకబడ్డ పిల్లవాడిని ఇంకాస్త చదవకుండా చేయడం సాయం ఎలా అవుతుంది?

పల్లె పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో ఐదో తరగతి పిల్లల్లో భాగాహారం చేయగలిగినవాళ్లు 30.7 శాతమే. ఆ పరీక్షలో ఇచ్చేది మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే ఉత్త లెక్క. ఏం చేయాలో ముందే తెలిసిన లెక్క దగ్గరే పరిస్థితి ఇది. ఏం చేయాలో చదివి తేల్చుకోవలసిన లెక్క దగ్గర ఇంకెలా ఉంటుందో ఊహించుకోవచ్చు. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కలు రెండూ వచ్చి తీరాలని 2021 జులైలో నిపుణ్ భారత్ మొదలుపెట్టారు. దానికి పెట్టుకున్న గడువు 2026-27. చదువునూ లెక్కనూ పక్కపక్కనే పెట్టిన పథకం అది. మన తరగతి గదుల్లో రెండింటినీ విడదీస్తున్నారు.

ఇక్కడ ఇంకో వేషం కూడా బయటపడుతోంది. మన పిల్లలకు బుర్ర లేదని, పల్లెటూరి పిల్లలకు లెక్కలు ఎక్కవని తీర్పులిచ్చేవాళ్లు చిత్తూరు జిల్లాలో ఒక మామిడి రైతు ఇంటికి వెళ్లి చూడాలి. 2025 సీజన్‌లో తోతాపురికి కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలన్నారు. 3 టన్నులు తోలిన ఇంట్లో మొత్తం రావలసింది 36 వేలని, అందులో ఫ్యాక్టరీ వాటా 24 వేలని, ప్రభుత్వం వేయాల్సింది 12 వేలని నోటితో చెప్పే పిల్లలున్నారు. నెలల తరబడి ఇంట్లో విన్న మాటలవి. అదే లెక్క ప్రశ్నపత్రంలోకి ఎక్కితే వాళ్లకే గుండె దడ. కోల్‌కతా, దిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు చేసిన అధ్యయనం 2025లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. బేరం దగ్గర చిక్కు లెక్కలను నోటితోనే తేల్చేసే ఆ పిల్లలు బడి లెక్కల దగ్గర తడబడ్డారు. బడి లెక్కలు బాగా చేసే పిల్లలు బేరం లెక్కల దగ్గర బోల్తా పడ్డారు. తప్పు పిల్లల బుర్రలో ఉందని ఇంకా ఎలా అంటారు? బయటి లెక్కకూ పుస్తకంలో లెక్కకూ మధ్య ఉన్న వంతెన చదవడమే. దాన్నే కూల్చి షార్ట్‌కట్ అని పేరు పెట్టారు.

అయితే ఏం చేయాలి? పెద్ద ఖర్చేమీ లేదు. లెక్కను రెండుసార్లు పైకి చదివించాలి. తర్వాత పుస్తకం మూసి, అంకెలు చెప్పకుండా కథ చెప్పమనాలి: ఎవరు, ఏం కొన్నారు, ఏం జరిగింది, ఏం అడుగుతున్నారు. కథ చెప్పలేకపోతే పెన్సిల్ పట్టనివ్వకూడదు. అంకెలే లేని లెక్క ఇచ్చి చూడండి. ‘బుట్టలో కొన్ని టమాటాలున్నాయి, కొన్ని కుళ్లిపోయాయి’ అని చెప్పి, ఇప్పుడు మీరే ప్రశ్న తయారుచేయండని వదిలేయాలి. చిన్న తరగతుల్లో చింతగింజలతో ఆడించి చూపించాలి, కాస్త పెద్దవాళ్లయితే గీతలు గీయించాలి. అలిపిరికి ఒక పొడుగు గీత, శ్రీవారి మెట్టుకు దాని కింద పొట్టి గీత. మిగిలిన ఖాళీ చూశాక ఏం చేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. జవాబును ఉత్త అంకెగా ఒప్పుకోకూడదు, పూర్తి వాక్యంగా రాయించాలి. ‘అమ్మ నాకు 20 రూపాయలు ఇచ్చింది, అందులో 35 ఖర్చు పెట్టాను’ అని తన చేత్తోనే రాసినప్పుడు పిల్లవాడికే తేడా కొడుతుంది.

భాష సంగతి కూడా చెప్పాలి. 2020-21 నుంచి ప్రభుత్వ బడుల పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. ఇంతకంటే మంచి వసతి ఏం కావాలి? ముందు తెలుగులో చదివి కథ అర్థం చేసుకుని, తర్వాత ఇంగ్లిష్ వైపు రావచ్చు. ఇంగ్లిష్ మీడియంలో తెలుగు పేజీ చూడటం నామోషీ అనుకునే టీచర్లు, తల్లిదండ్రులు ఉంటే వాళ్లకు కావలసింది లెక్క కాదు, డాబు. మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన అనే కవి ఏనాడో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ లెక్క చేయాలంటే ముందు పద్యం అర్థం కావాలి.

తల్లిదండ్రులకూ రెండు మాటలు. హోంవర్క్ ఫొటో తీసి ఫోన్‌లో జవాబు తెప్పించడం, ‘కూడాలా తీసెయ్యాలా చెప్పు మమ్మీ’ అంటే టక్కున చెప్పేయడం, ఈ రెండూ చార్టుకు తోబుట్టువులే. ఆ ప్రశ్న వస్తే ‘లెక్కలో ఏం జరిగింది నాన్నా’ అని తిరిగి అడగండి. పది నిమిషాలు ఆలస్యమవుతుంది. కానివ్వండి. ఇవాళ లెక్క చదవకుండా జవాబు రాసిన వాడు, రేపు బ్యాంకు అప్పు కాగితం చదవకుండా సంతకం పెడతాడు.

అన్నిటికంటే ముందు మారవలసింది ప్రశ్నపత్రం. ప్రతి లెక్కలోనూ చార్టు మాటలే పెట్టి, అవి పట్టుకున్నవాళ్లకు నూటికి నూరు వేసి, ఆ మార్కులను ఫ్లెక్సీలకెక్కించేది బడులే. చదవకుండా రాసినా మార్కులొచ్చే పేపర్ ఇచ్చి, పిల్లలు చదవడం లేదని వాపోవడం ఏం నీతి? విద్యాశాఖ అధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు రిజిస్టర్లు చూసి తిరిగి వచ్చేయకుండా, మూడో తరగతిలో ఒక పిల్లను లేపి ఒక్క లెక్క కథగా చెప్పించుకోవాలి. చార్టు మాట ఒక్కటీ లేని లెక్కలు, అక్కర్లేని అంకె ఒకటి ఇరికించిన లెక్కలు ప్రతి పేపర్‌లో కొన్నైనా ఉండాలి. ఇక తిరుపతి వీధుల్లో రెండో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని బోర్డులు పెట్టి ఫీజులు గుంజుతున్న యాజమాన్యాలు ముందు తమ గోడల మీది చార్టులు పీకేయాలి. అదీ చేతకాకపోతే ఆ బోర్డు మీద ఐఐటీ అన్న మూడక్షరాలైనా చెరిపేయండి.