నైట్రోజన్ సంగతి సరే, ముందు ఎర్తింగ్ చూడండి

ఇంటి వైర్లను మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచి తీసి బిగిస్తే స్టీరియోలో పాట తేటపడుతుందని ఒకరు రాశారు. నాకైతే నమ్మకం కుదరలేదండి. వీధి స్తంభాల మీద వచ్చేది మామూలు అల్యూమినియం తీగే కదా, గోడలో చివరి నాలుగు మీటర్లకు చేసే ఉపచారం దేనికి? పైగా ఆంప్లిఫయర్‌లోకి వెళ్లిన 230 వోల్టులను ట్రాన్స్‌ఫార్మర్ తగ్గిస్తుంది, డయోడ్లు డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) చేస్తాయి, కెపాసిటర్లు ఎగుడుదిగుళ్లు సర్దుతాయి. ఇంత మారాక ఆ తీగ ఉపచారం పాటలో ఎక్కడ వినిపిస్తుంది?

అలాగని వైరింగ్‌ను కొట్టిపారేయను. మా శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నం వైపు ఉప్పుగాలికి సాకెట్ లోపలి ఇత్తడి చిలుం పట్టి పచ్చబడుతుంది. స్క్రూ వదులైతే స్పీకర్లో చిటపటలే. మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌తో సాకెట్ మార్పించుకుంటే చాలు, ఖర్చూ తక్కువే.

ఇక స్పీకర్లో గుంయ్‌మనే హమ్. కేబుల్‌తో కలిపిన టీవీ, ఆంప్లిఫయర్ వేర్వేరు చోట్ల ఎర్త్ అయితే, అంటే వాటి ఎర్త్ తీగలు వేర్వేరు చోట్ల నేలకు కలిస్తే, చాలాసార్లు అదే కారణం. రెండింటినీ ఒకే బోర్డుకు పెట్టి వినండి. ఎండాకాలం ఎర్త్ గుంతలో నీళ్లు పోయించండి, అది మనవాళ్లు ఎప్పుడో మర్చిపోయారు. హమ్ పోతుందని కొందరు ఎర్త్ పిన్నే పీకేస్తున్నారు. ఆ పని మాత్రం వద్దు బాబూ, లోపల షార్టయితే ఆంప్లిఫయర్ బాడీకే కరెంటు వస్తుంది.