మా బావ బండి కొత్త సైలెన్సరు గారికి విన్నపం

మారతహళ్ళి,
బెంగళూరు.

మహారాజశ్రీ మూడించుల ఫ్రీ ఫ్లో సైలెన్సరు గారి దివ్య సముఖమునకు,

తమరి యజమాని బావమరిది నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగాల్సిన పనిలేదు. బండి బేస్‌మెంటు ర్యాంపు ఎక్కడం మొదలుపెట్టగానే అపార్టుమెంటు మొత్తానికీ తెలిసిపోతోంది. మొదటి అంతస్తులో చంటిబిడ్డ లేస్తుంది, బిడ్డతోపాటు తల్లి లేస్తుంది, తల్లి లేచి మా అక్కకి వాట్సాప్‌లో నాలుగు ముక్కలు రాస్తుంది. ఆ విధంగా తమరి రాకపోకలు మాకు లిఖితపూర్వకంగా కూడా అందుతున్నాయి.

తమరిని ఏరి కోరి తెచ్చుకోవడానికి మా బావ పడిన పాట్లు తమరు ఎరగరు. అప్పటికి తమరు బెంగళూరులో బండ్ల విడిభాగాలు అమ్మే జేసీ రోడ్డులో ఒక అంగడి అటక మీద ప్లాస్టిక్ కవరు కప్పుకుని ఉన్నారు. మా బావ పెళ్ళిచూపుల్లో ప్లేటులో ఉప్మా అయ్యేలోపే మా అక్కను ఒప్పుకున్న మనిషి. తమరి దగ్గరకొచ్చేసరికి మాత్రం తొందరపడలేదు. రాత్రి అందరూ పడుకున్నాక ఫోను చెవి దగ్గర పెట్టుకుని, అమెరికాలో ఎవరెవరో తమ ఫోర్డ్ ఎఫ్-150 పికప్పు బండ్ల వెనక మైకులు పెట్టి తీసిన వీడియోలు వరసబెట్టి వినేవాడు. కళ్ళు మూసుకుని, "ఇది కొంచెం పచ్చిగా ఉందిరా", "ఇది నిండుగా ఉంది" అని తీర్పులిచ్చేవాడు. త్యాగరాజ ఆరాధనకి పిలిస్తే రానన్న మనిషి!

ఆ ఫోను గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఫోను స్పీకరు గోరంత. లోతు శబ్దాలు దాని వల్ల కావు. నాలుగు సిలిండర్ల ఇంజను 1800 ఆర్‌పీఎమ్ మీద, అంటే నిమిషానికి 1800 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 60 పేలుళ్ళు, అంటే 60 హెర్ట్జ్. హైవే మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు క్యాబిన్‌లో కూర్చుని చెవులు దిబ్బెళ్ళు వేయించేది ఆ శబ్దమే. ఫోనులో అది బొత్తిగా వినపడదు. వినపడేదల్లా పైపైన చిటపటలు. పైగా మైకు ఉండేది బండి వెనక, బావ కూర్చునేది బండి లోపల. అయినా ఎంపిక మొత్తం దాని మీదే జరిగింది. ఇందులో తమరి తప్పేమీ లేదు, తమరిని ఎవరూ పలకరించి చూడనే లేదు కదా.

ఇంకో చిక్కు. ఆ వీడియోల్లో గుడగుడమనేవి వీ8, అంటే అటు నాలుగు ఇటు నాలుగు సిలిండర్లుండే పెట్రోలు ఇంజన్లు. ఆ గుడగుడ సైలెన్సరు సొంతంగా తయారుచేసే సరుకు కాదు. సిలిండర్లు తిప్పే ఇరుసుని, అదే క్రాంక్ షాఫ్టును, 90 డిగ్రీల తేడాలతో మలచడం వల్ల ఒక్కో వైపు ఉన్న నాలుగు సిలిండర్లు సమాన విరామంతో కాకుండా ఎగుడుదిగుడుగా పేలతాయి. ఆ తడబాటే వాళ్ళ సంగీతం. మా బావది శ్రీసిటీలో తయారైన ఇసుజు వి-క్రాస్ పికప్పు. 1.9 లీటర్ల టర్బో డీజిలు, 163 పీఎస్, 360 న్యూటన్ మీటర్ల టార్కు. బరువులు లాగడానికి దివ్యమైన ఇంజను. కానీ సిలిండర్లు నాలుగే, అవీ బుద్ధిమంతులు, ఒకదాని తర్వాత ఒకటి తప్పకుండా సమయానికి పేలతాయి. అక్కణ్ణుంచి బయల్దేరిన పొగ ముందు టర్బో రెక్కల్లో పడి నలుగుతుంది, తర్వాత డీపీఎఫ్ అనే వడపోత డబ్బాలో మసి వదిలించుకుంటుంది. ఇంత దూరం వచ్చాక తమరి గుమ్మంలో అడుగుపెట్టేసరికి దాని దగ్గర పాడటానికి పెద్దగా ఏమీ మిగలదు.

అయినా తమరు పట్టు వదల్లేదు. ఎఫ్-150 రాలేదు గాని, మా ఊరి చెరువు కింద దుక్కి దున్నే ట్రాక్టరు వచ్చింది. ఎదురు ఫ్లాటులో తాతయ్య ఒక్కడే సంతోషించాడు. హిందూపురం దగ్గర పొలం అమ్ముకుని కొడుకు దగ్గరకొచ్చి ఉంటున్నాడాయన. ఇప్పుడు రోజూ సాయంత్రం బాల్కనీలోకొచ్చి నిలబడుతున్నాడు.

జేసీ రోడ్డు మజిలీ సంగతి తమరికి గుర్తుండే ఉంటుంది. "ఏన్ సౌండ్ బేకు సార్?" అన్నాడు అంగడాయన. బావ నోరు తెరవగానే మనవాళ్ళని పోల్చుకుని తెలుగులోకి దిగాడు. "బేస్ కావాల్నా, షార్ప్ కావాల్నా?" కదిరి మనిషంట. రెండు రకాలు కిందికి దించాడు. ఒకదాని లోపల గదులుంటాయి. శబ్దం ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోతూ, గోడలకి కొట్టుకుని వెనక్కి తిరిగి, ఎదురొచ్చే శబ్దంతో కలబడి చచ్చిపోతుంది. రెండోదాంట్లో గదులు లేవు. తిన్నగా పోయే కన్నాల గొట్టం, దాని చుట్టూ గ్లాస్ వూల్. ఆ దూది శబ్దాన్ని పీల్చుకుంటుంది. తమరు రెండో రకం. దూది కొన్నాళ్ళకి కాలి, చివికి, పొగతోపాటే బయటికి పోతుంది, మోత పెరుగుతుంది. దీన్ని అంగడాయన చెప్పిన తీరు చూడండి: "వాడేకొద్దీ సౌండ్ ఇంకా ఓపెన్ అవుతాది సార్."

"త్రీ నాట్ ఫోర్ స్టీలు సార్, తుప్పు అనే మాటే లేదు" అని కూడా అన్నాడు. బావ చదువుకుని వచ్చాడు కాబట్టి, చొక్కా జేబులోంచి అయస్కాంతం తీశాడు. మా అక్క ఫ్రిజ్ మీది వెంకటేశ్వరస్వామి. 304 రకంలో నికెలు ఎక్కువ కాబట్టి అయస్కాంతం దాదాపు అంటుకోదు. చవకరకం 409కి గట్టిగా అంటుకుంటుంది. స్వామివారు తమరి పొట్టకి టక్కున కరుచుకున్నారు. "వెల్డింగు కాడ కొంచెం లాగుతాది సార్" అన్నాడు అంగడాయన. వంచినచోటా, అతికినచోటా కొద్దిగా లాగడం నిజమే, అందులో అబద్ధం లేదు. కానీ బావ పెట్టింది వెల్డింగుకి జానెడు దూరంలో, చదునుగా ఉన్నచోట. ముగ్గురం స్వామినే చూస్తూ నిలబడ్డాం. అంగడాయనే ముందు తేరుకున్నాడు. "సాక్షాత్తు స్వామే వచ్చి పట్టుకున్నాడు, ఇంకేం ఆలోచిస్తావు సార్" అన్నాడు. బేరం అక్కడ తెగింది. నేనైతే ఆ మాటకే వంద ఎక్కువిచ్చేవాణ్ణి.

బలం పెరుగుతుందన్న ఆశ కూడా ఉండేది లెండి. డీజిలు ఇంజను బలం కంప్యూటరు ఎంత ఇంధనం పోయమంటే అంత. వెనక గొట్టం వెడల్పు చేసినంత మాత్రాన అది ఇంకో చెంచాడు పోయదు. "డీపీఎఫ్ ఎత్తేస్తే ఫుల్ పికప్ సార్" అని ఫిట్టింగు కుర్రాడు చెవిలో ఊదాడు గాని, ఫోనులో ఉన్న అక్క విన్నది. 2020 ఏప్రిల్ 1 నుంచి బండ్ల పొగకి బీఎస్-6 అనే కొత్త హద్దు వచ్చింది ఎందుకో, ఆ డబ్బా మసిని ఎలా పట్టి లోపలే కాల్చేస్తుందో ఆమెకి తెలియదు. "ఉన్న పొగ చాలదా?" అంది, అంతే. ఆ డబ్బా బతికిపోయింది.

తమరి పూర్వీకులు ఇలాంటివాళ్ళు కారు. 1884లో మెషిన్‌గన్ కనిపెట్టిన హైరమ్ మాక్సిమ్ ఆ మోత మధ్యే బతికి చెవుడు తెచ్చుకున్నాడు. ఆయన కొడుకు హైరమ్ పెర్సీ మాక్సిమ్ తుపాకీ మోత తగ్గించే గొట్టానికి 1909లో పేటెంటు తీసుకుని, తర్వాత అదే కిటుకుని ఇంజన్లకి వాడాడు. అమెరికాలో రీవ్స్ సోదరులు ఇంజను మఫ్లరుకి, అంటే సైలెన్సరుకే, పేటెంటు పొందింది అంతకుముందే, 1897లో. పెద్దలు నూరేళ్ళకు పైగా కష్టపడి అణిచినదాన్ని తమరు జేసీ రోడ్డులో ఒక పూటలో విడిపించారు.

మరి ఆ విద్య చూపించడానికి ఈ ఊళ్ళో తావేది? ఊళ్ళ ట్రాఫిక్కు కొలిచే టామ్‌టామ్ కంపెనీ లెక్క ప్రకారం 2023లో బెంగళూరు నడిబొడ్డున 10 కిలోమీటర్లు పోవడానికి సగటున 28 నిమిషాల 10 సెకన్లు పట్టింది. అంటే గంటకి 21 కిలోమీటర్లు. ట్రాఫిక్కు ఇరుక్కుపోయే సిల్కుబోర్డు కూడలి దగ్గరైతే అది కూడా గొప్పే. పక్కన ఆటో, ముందు బీఎంటీసీ బస్సు, వెనక నీళ్ళ ట్యాంకరు. మధ్యలో తమరు ఫస్టు గేరులో గొణుగుతుంటారు. గుర్తు వేయని హంపులు ఎక్కడెక్కడున్నాయో తమరి మూతి గీతలు చూసి చెప్పేయొచ్చు. కంపెనీవాళ్ళ గొట్టం కన్నా నాలుగు వేళ్ళు కిందికి వేలాడుతున్నారు మరి.

అందుకే బావ ఒకసారి హైవే మీదికి తీశాడు, అనంతపురం పోదామని. దేవనహళ్ళి దాకా బాగానే ఉంది, చిక్కబళ్ళాపురం దాటి బండి ఒకే వేగం అందుకుంది. ఆ 60 హెర్ట్జ్ మొదలైంది. ఏసీ పెంచినా పాటలు పెంచినా పోదు. అక్క ముందు అరిచి మాట్లాడింది, తర్వాత మాట్లాడటం మానేసింది. బాగేపల్లి టోల్ గేటు దాటాక బండి ఆపమని, బ్యాగు తీసుకుని దిగి, వెనకొచ్చిన బస్సెక్కింది. బావ ఆ బస్సు వెనకాలే అనంతపురం దాకా వచ్చాడు. బస్సులో కూడా వినపడిందంట.

పోలీసు సంగతి క్లుప్తంగా. ఇళ్ళ మధ్య రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద శబ్దపు హద్దు మీరితే 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా 3 నెలల దాకా జైలు, లేదా రెండూ. లైసెన్సు కూడా 3 నెలలు మూలకి. నిబంధనలకు విరుద్ధంగా బండిని మార్చిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 అని ఇంకో సెక్షను. విశాఖలో పోలీసులు బుల్లెట్లకీ బైకులకీ తగిలించిన తమరి చుట్టాలను రోడ్డు మీద వరసగా పడుకోబెట్టి రోలరు ఎక్కించారు. ఆ వీడియో మాత్రం బావ చూడలేదు, నేను పంపితే నీలం టిక్కు పడలేదు.

ఇంతకీ మా బావ పికప్పు కొన్నది ఊరి నుంచి బియ్యం, మామిడికాయలు వేసుకురావచ్చని. ఇంతవరకూ దాని వెనక తొట్టిలో ఎక్కిన మొట్టమొదటి సరుకు దాని సొంత పాత సైలెన్సరే. జేసీ రోడ్డు నుంచి తాడుతో కట్టి తెచ్చాం. ఇప్పుడది మా బాల్కనీలో ఉంది, పారేయడానికి లేదు. కంపెనీ సర్వీసుకి పోయినప్పుడు వారంటీవాళ్ళు అడుగుతారని ముందు రోజు తమరిని దించి దాన్ని బిగించాలి, వచ్చాక దాన్ని దించి తమరిని బిగించాలి. రెండు సార్లూ ఫిట్టింగు కూలి మాదే. క్లాంపులు, హ్యాంగరు రబ్బర్లు అదనం.

అసలు విన్నపం ఇదీ. వచ్చే నెల సర్వీసుంది. ఆ రోజు తమరు దిగాక, మళ్ళీ ఎక్కకుండా ఉండటానికి ఏం పుచ్చుకుంటారో సెలవియ్యండి. వినాయక చవితి చందాల్లో మిగిలిన డబ్బు అసోసియేషన్ దగ్గరుంది. మొదటి అంతస్తువాళ్ళు తమ వాటా వేరే ఇస్తామన్నారు. ఎదురు ఫ్లాటు తాతయ్య ఒక్కడే ఒప్పుకోవడం లేదు, ఆయనతో మేం మాట్లాడుకుంటాం.

ఇట్లు,
తమరి కోసం నిచ్చెన పట్టుకున్న
బావమరిది